మంగళం తర్వాత కీరవాణి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయన ఈ మాట వీధంతా చెబుతుంటాడు కాబట్టి నేను దాచుకోవాల్సిన పని లేదు. ఆ సాయంత్రం కచేరీ మొదలు కాకముందే ఇద్దరి మీద అరిచాను. మైకులు పెట్టే అతను వయొలిన్‌కు మైకు పెట్టమంటే నా మూతికి ఆనించి పెట్టాడు, నేనేదో మంత్రాలు చదవబోతున్నట్టు. కార్యక్రమం పెట్టించిన పెద్దమనిషేమో, ముఖ్య అతిథి దారిలో ఉన్నాడు, ఆయన వచ్చాక మొదలుపెడదామని ఒకటే నస. మేం ఖాళీ కుర్చీకి కచేరీ చేయడానికి రాలేదని మొహం మీదే చెప్పి శ్రుతిపెట్టె మోగించాను. అరిచింది వాళ్ల మీదే గానీ, నా భయమంతా మూడో వరుస చివరి కుర్చీలో కూర్చున్న మనిషి గురించి.

ఆయన మా సాక్సాఫోన్ అతనికి మామ. సిద్దిపేటలో పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ పోయే బ్యాండు మేళం ఒకటి ఆయనది. అల్లుడు ఆ బ్యాండులోనే పెరిగాడు. సాక్సాఫోన్ పట్టుకోవడం ఆయన్నే ఉస్తాదుగా పెట్టుకుని నేర్చుకున్నాడు, ఆయన ఒక్కగానొక్క బిడ్డను చేసుకున్నాడు, ఆయన ఇంటి పై అంతస్తులో ఉంటున్నాడు. ఇకముందు మాతో వాయించాలా వద్దా అన్నది మా కచేరీ విని ఆ మామే తేలుస్తానన్నాడు. తేల్చడానికే వచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మేం నలుగురం. నేను వయొలిన్, మా ఆయన మృదంగం. ఇద్దరం కర్ణాటక సంగీతం తప్ప తక్కినదంతా చప్పుడే అనుకుని పెరిగినవాళ్లం. కీబోర్డు వాయించే అమ్మాయి దవాఖానలో నర్సు, సొంతూరు మద్దూరు, చిన్నప్పటి నుంచీ చర్చిలో వాయించి వాయించి మెత్తబడిన చెయ్యి. జాజ్ అనే మాటను మా ఇంట్లోకి తెచ్చింది ఆ పిల్లే. వయొలిన్ నేర్చుకుంటానని వచ్చి, వారం తిరక్కుండానే నాకే ఫోన్లో జాజ్ వినిపించి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో నాకు ఒళ్లు మండింది. ఎవడికి తోచింది వాడు వాయించుకుంటూ పోతున్నాడు, దీనికి అంతూ పొంతూ ఉందా అన్నాను. అయితే ఒక రోజు నన్ను ఒక్క గాంధారం పట్టుకుని అలాగే ఉండమంది. నేను ఆ స్వరం మీద నిలబడ్డాను. ఆ పిల్ల కింద మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కుతూ, ఒకదాని తర్వాత ఒకటి మెట్లు మార్చింది. నేను కదలకుండానే ఇల్లు మారినట్టయింది. ఆ రోజు తనకు టీ నేనే పెట్టి ఇచ్చాను.

సాక్సాఫోన్ అతన్ని మాత్రం నేనే పట్టుకొచ్చాను. మా వీధిలో పెళ్లి బారాత్ వచ్చినప్పుడు డీజే బండి ఆగిపోయింది. ఆ కాస్త సందులో ఇతను ఎవరూ అడక్కుండా ఏదో రాగం లాంటిది అందుకున్నాడు. నేను వంటింట్లోంచి పరుగున మేడ మీదికి పోయి చూశాను. మర్నాడు వాళ్ల బ్యాండు దుకాణం వెతుక్కుంటూ పోయాను. జుట్టుకు రంగు, చేతికి కడియం, మాటలో పొగరు. శ్రుతి అంటే ఏమిటో నాకు చెప్పబోయాడు కూడా. అయినా మా మేడ మీది గదికి రమ్మన్నాను. ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నడుస్తూ వాయించినవాడు కదా, ఒక్కచోట కూర్చుంటే ఊపిరాడేది కాదు. గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ వాయించేవాడు. శ్రుతి తన చుట్టూ ప్రదక్షిణలు చేస్తోందని మా ఆయన విసుక్కునేవాడు.

ఇబ్బంది ఎక్కడ మొదలైందంటే, ఒక ఆదివారం మేం లోకం మరిచిపోయి వాయిస్తూ కూర్చున్నాం. అదే పొద్దున చంద్లాపూర్‌లో పెళ్లి ఉందని అతనికి తెలుసు, మాకు చెప్పలేదు. సాక్సాఫోన్ లేకుండానే బ్యాండు పోయింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు నలుగురిలో మామను నానా మాటలు అన్నారు. మర్నాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, టీ పూర్తిగా తాగాక నోరు విప్పాడు.

"పంతులమ్మా, మీ మీద నాకు కోపం లేదు. మీరేదో వాయిస్తుండ్రంట. నేనొచ్చి కూసుంట, ఇంట. అండ్ల ఏమన్న ఉన్నదని నా మనసుకు వడితె అల్లుడు మీ తాన్కి వస్తడు. లేకుంటె ఇగ రాడు. ముహూర్తాలు మోపైతున్నయ్, నాకు మనిషి గావాలె."

న్యాయమైన మాటే. ఆయన దిగిపోయాక, వెంట వచ్చిన అల్లుడు మెట్ల మీదే నిలబడిపోయాడు. పొగరంతా ఎటు పోయిందో, మొహం చిన్నబోయి ఉంది.

"బారాత్ల నేనేం వాయించినా ఎవ్వలినరక్కా. ఎగురుతరు," అన్నాడు. "మా మామ గూడ ఇనడు. ఆయన చెయ్యి లేపితె మొదలువెట్టాలె, దించితె ఆపాలె. గీడ మీరు ఇంటుండ్రు. గిది వోతె నాకేం లేదు."

అప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు సరిగా పట్టలేదు. కచేరీలో ఏం వాయించాలన్నదాని మీద మా గదిలో రోజూ పేచీలే. మా ఆయన సంప్రదాయంగా ఒక వర్ణంతో మొదలవ్వాలని పట్టుబట్టాడు, సరే అన్నాం. ఆ తర్వాత నర్సమ్మాయి, నేను కలిసి కట్టినవి. అన్నిటికన్నా చివర కీరవాణి. అదొక్కటే పూర్తిగా సాక్సాఫోన్ అతనిది. వానలు పడుతున్నప్పుడు ఒక చిన్న వరసగా మొదలుపెట్టి, చెక్కి చెక్కి పెద్ద ముక్క చేశాడు. కీరవాణి మా రాగమే, కానీ ఆ పిల్ల మెట్లు దాని కిందికి నీళ్లలా వచ్చి చేరేవి. మధ్యలో మేమంతా ఆపేస్తే అతనొక్కడే కాసేపు మనసుకు తోచింది వాయిస్తాడు, నేను జవాబిస్తాను. ఏ రోజు ఏం వస్తుందో అతనికే తెలియదు. ఇంట్లో మామ చెవిన పడుతుందని దాన్ని మా గదిలో తప్ప ఎక్కడా వాయించలేదు. ఆయన వినాల్సింది అదే. దానికోసమే తక్కినవన్నీ ముందు పెట్టుకున్నాం.

కచేరీ మొదలైంది. వర్ణం అయ్యేసరికి హాల్లో సగం కుర్చీలు నిండాయి. నేను కళ్లు మూసుకుని వాయించే మనిషిని, ఆ రోజు మాత్రం మూయలేకపోయాను. విల్లు తీగల మీద, చూపు మూడో వరుస మీద. ఆయన పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాడు. రెండో ముక్కలో అల్లుడు ఒక స్వరాన్ని పెదవితోనే వంచి గమకం లాగాడు. ఆ ఒక్క వంపు కోసం ఎన్ని ఆదివారాలు కష్టపడ్డాడో నాకు తెలుసు. మామ ఆవలించాడు.

మూడోదానికి ఇంకా కష్టం వచ్చింది. నిర్వాహకుడు వేదిక పక్కన నిలబడి నాకు చేతులతో సైగలు చేయడం మొదలుపెట్టాడు. అతిథి కారు ఊళ్లోకి వచ్చిందట, త్వరగా ముగించమని. నేను కొరకొరా చూశాను, అయినా ఆపడు. సాక్సాఫోన్ అతను ఆ సైగలు చూసి తడబడుతున్నాడు, ఊపిరి పొట్టిదవుతోంది. మామ ఫోను తీసి టైం చూసుకున్నాడు. ఇంకా కీరవాణి ఉంది, అది వినకుండా లేచిపోయేలా ఉన్నాడు. ఈ ముక్క తొందరగా కట్టేసి దానిలోకి దిగుదామని మా ఆయనకు తల ఊపాను. ఆయనా ఊపాడు. సాక్సాఫోన్ అతను తన వంతు అందుకుని నిలబడి వాయిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు వెనక తలుపులు తెరుచుకున్నాయి. ముందు వీడియో లైటు. దాని వెలుగులో పట్టుచీరల ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో హారతి పళ్లెం, పళ్లెంలో వెలుగుతున్న కర్పూరం. వాళ్ల వెనక తెల్లబట్టల్లో ముఖ్య అతిథి, మెడలో అప్పుడే వేసిన దండ.

బారాత్ ఫంక్షన్ హాలు గేటు చేరాక, ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని ఎదురొచ్చారంటే బ్యాండువాళ్లు ఏ పాటలో ఉన్నా సరే దాన్ని వదిలేసి మంగళహారతి వరస ఎత్తుకుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ ఎన్ని గేట్ల ముందర ఎత్తుకున్నాడో ఏమో, సాక్సాఫోన్ అతను ఆ కర్పూరం వెలుగు చూశాడు, అంతే, వాయిస్తున్నది విడిచి హారతిలోకి పోయాడు. కర్ణాటక కచేరీల్లో చివర వాయించే మంగళం వరస కూడా అదే. రెండు స్వరాలు వినేసరికి నాకు అర్థమైంది. నా విల్లు గాల్లోనే ఆగిపోయింది. మా ఆయన చేతులు మాత్రం ఆగలేదు. మంగళం చెవిన పడితే ముక్తాయింపు వేయడం ఆయనకూ అలవాటే, చక్కగా వేసేశాడు. నర్సమ్మాయికి ఈ వరస తెలియదు. ఒక మెట్టు మీద వేళ్లు అలాగే ఉంచి నా వైపు బిత్తరపోయి చూసింది.

హాలంతా లేచి నిలబడింది. మంగళం పాడితే లేవడం మనవాళ్లకు ఒంట్లో ఉంది. ముందు వరుసలో ఆడవాళ్లు హారతి కళ్లకద్దుకున్నారు. అదంతా తన కోసమే అనుకుని అతిథి అందరికీ దండాలు పెట్టుకుంటూ వచ్చాడు. చప్పట్లు. నిర్వాహకుడు మైకు లాక్కుని, ఇంత మంచి కార్యక్రమం ఇంత చక్కగా ముగిసిందని ప్రకటించేశాడు. శాలువలు వచ్చాయి. నేను శాలువ కప్పించుకుంటూనే ఇంకొకటి ఉందని ఆయన చెవిలో చెప్పాను. టిఫిన్లు చల్లారుతున్నాయి మేడం అన్నాడు. అతిథి రెండు ముక్కలు మాట్లాడి, వేరే చోట పనుందని వచ్చినంత హడావుడిగా వెళ్లిపోయాడు. ఆయన వెంబడి లైటు, లైటు వెంబడి సగం మంది. మిగిలినవాళ్లు వెనక టిఫిన్ల బల్లల వైపు కదిలారు. సాక్సాఫోన్ అతను ఉన్నచోటే ఉన్నాడు. తాను ఏం చేశాడో అప్పటికి తెలిసింది, మొహం వేలాడిపోయింది.

అప్పుడు మామ వేదిక దగ్గరికి వచ్చాడు. కళ్లల్లో నీళ్లు నిండి ఉన్నాయి. నిజంగానే ఉన్నాయి.

"ఇన్న పంతులమ్మా," అన్నాడు. "అబద్ధమెందుకు, ముంగటియి నాకు తలకెక్కలే. గీ హారతి జూడు, గిది సంగీతం. హాలంత లేశి నిలవడ్డది. గింత మంచిగ మా బ్యాండుల ఎన్నడు వాయించలే. అల్లుడు నాకే గావాలె."

అతను వాయించినవాటిలో తప్పు అదొక్కటే. ఆ తప్పే ఈయనకు నచ్చింది. దాన్ని మెచ్చుకుని మా మనిషిని తీసుకుపోతున్నాడు. ఆ కన్నీళ్లను చూస్తూ ఇది పొరపాటండీ అని ఎలా చెప్పను? పక్కకు తిరిగి చూస్తే మా ఆయన మృదంగానికి గుడ్డ చుడుతున్నాడు. నా కోపమంతా ఆయన మీదికి తిరిగింది. ఏం చేస్తున్నావని పళ్లు కొరికాను. మంగళం అయ్యాక వాద్యం ముట్టుకోకూడదని నీకు తెలియదా అన్నాడు, మా గురువుగారు ఉంటే వేళ్లు విరగ్గొట్టేవారన్నాడు. తెలుసు. ఆయన గురువే నా గురువు. మంగళం తర్వాత ఇంకో స్వరం వాయించిన పాపాన నేనూ ఎన్నడూ పోలేదు. అందుకే నా చెయ్యి కూడా వయొలిన్ మీదికి పోలేదు. నర్సమ్మాయి మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది.

"నడువు," అన్నాడు మామ అల్లుడితో. ఆ మాటలో కోపం లేదు, మురిపెమే ఉంది.

అల్లుడు కదల్లేదు. నేను అతన్ని ఎన్నో రకాలుగా చూశాను గానీ మామ ముందు తల ఎత్తి మాట్లాడటం చూడలేదు. అప్పుడు మాట్లాడాడు.

"మామా, గది గల్తిల వచ్చింది. హారతి పళ్లెం సూశి నోరు దానంతట గదే వాయించింది. నేనింక వాయించలే. జర కూసో."

మామ మొహంలో ఉన్న మురిపెం అలాగే ఆగిపోయింది. చుట్టూ చూశాడు.

"అందరు లేశిన్రు గద," అన్నాడు.

"అందరు పోనియ్యి. నువ్వు కూసో."

మామ కూర్చోలేదు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. వెళ్లిపోనూ లేదు. ఆ నిలబడటంలో ఏముందో నాకు అంతుబట్టలేదు. ఇంతలో పక్కనుంచి మా ఆయన మోచేత్తో పొడిచాడు.

"మంగళమంటె అందరం కల్సి వాయించాలె," అన్నాడు గొణుగుతూ. "నువ్వు విల్లు ఆనిచ్చినవా? ఆనియ్యలే. గట్లయితె గది మంగళం గాదు." అని చుట్టిన గుడ్డ విప్పేశాడు. ముప్పొద్దులా నియమాలు వల్లించే ఆ మనిషి అంత పెద్ద నియమానికి అలా సందు వెతికాడంటే, అప్పుడు నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. శ్రుతిపెట్టె మళ్లీ మోగించాను.

వెనక టిఫిన్ల దగ్గర గోల. ప్లేట్లు, గరిటెలు, కుర్చీలు ఈడ్చే చప్పుడు. హాలు వెనక సగం లైట్లు అప్పటికే తీసేశారు. సాక్సాఫోన్ అతను కీరవాణి చాలా కింది నుంచి అందుకున్నాడు, వినీ వినపడనట్టు. మొదటి స్వరం పలుచగా వచ్చింది. అయిపోయింది, ఊపిరి నిలవడం లేదు అనుకున్నాను. ఆ పిల్ల తొందరపడకుండా కింద మెట్టు పరిచింది. అతను దాని మీద అడుగు వేశాడు. నేను చేరాను, మా ఆయన చేరాడు. గరిటెల చప్పుడు తగ్గలేదు, మేం పట్టించుకోలేదు. అతను ఒక్కడే వాయించాల్సిన చోటు వచ్చింది. మేమంతా ఆపేశాం.

నాకు భయం వేసింది. మళ్లీ ఏ బారాత్ వరసలోకో జారతాడేమోనని. అతను కళ్లు మూసుకున్నాడు. గదిలో తిరిగినట్టు రెండడుగులు పక్కకు నడిచాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. అతను ఆ రోజు వాయించింది అంతకుముందు మా గదిలో ఎప్పుడూ వాయించలేదు. అందులో కోపం ఉంది. ఇన్నేళ్లు ఎగిరేవాళ్ల మధ్య నడిచిన విసుగు ఉంది. బతిమాలడం కూడా ఉంది, మామను చూస్తూ కాదు, కళ్లు మూసుకునే. ఒక స్వరాన్ని పైకి తీసుకుపోయి, అది విరిగిపోతుందేమో అన్నంతవరకు నిలబెట్టి, విరగక ముందే నాకు ఇచ్చాడు. నేను జవాబివ్వాలి. నా కళ్ల ముందు తీగలు మసకబారాయి. ఏదో ఇచ్చాను. బాగానే ఇచ్చానని తర్వాత మా ఆయన అన్నాడు.

ముగిసేసరికి హాల్లో ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్లేట్లు చేతిలో పట్టుకుని కొందరు దగ్గరికొచ్చి నిలబడ్డారు. చప్పట్లు సరిగా పడలేదు, చేతుల్లో ప్లేట్లున్నాయి కదా. మామ మొదటి నుంచి చివరిదాకా ఆ కుర్చీ వీపు పట్టుకునే ఉన్నాడు. ఫ్యాను వైపు చూడలేదు, ఫోను తీయలేదు. ఇప్పుడు ఆయన కళ్లు పొడిగా ఉన్నాయి. అది చూసి నేను ఆశ వదులుకున్నాను. హారతికి నీళ్లు పెట్టుకున్న మనిషి దీనికి పెట్టుకోలేదంటే ఇక తేల్చేదేముంది?

ఆయన మెట్లెక్కి వేదిక మీదికి వచ్చాడు. అల్లుడికి ఎదురుగా నిలబడ్డాడు.

"ముహూర్తాలకు ఇంకో మనిషిని సూస్కుంట," అన్నాడు.

బాగుందనలేదు, బాగాలేదనలేదు. అతన్ని మాకు ఇచ్చేసినట్టే, కానీ ఇస్తున్నందుకు ఆయనకు ఎంత కష్టంగా ఉందో మొహం చూస్తే తెలుస్తోంది. నేను గెలిచినట్టు సంతోషపడాల్సింది. ఏడుపొచ్చింది.

అల్లుడు సాక్సాఫోన్ మెడలోంచి తీయకుండానే, ఒక చేత్తో దాన్ని పక్కకు పట్టుకుని, వంగి ఆయన కాళ్లు ముట్టుకున్నాడు. పెళ్లిలో మామే అల్లుడి కాళ్లు కడుగుతాడు. ఆ తర్వాత అల్లుడు మామ కాళ్లకు మొక్కడమన్నది వాళ్ల ఇళ్లల్లో లేదు. వంగబోతే చాలు, పాపం తగులుతుందని మామలు చటుక్కున వెనక్కి జరుగుతారు.

ఆయన జరగలేదు. ఉస్తాదు లాగే నిలబడి మొక్కించుకున్నాడు.